తెర వెనక మంట

1781 జూన్ 8, శుక్రవారం. పారిస్ నగరం. రాత్రి ఎనిమిది దాటింది. జూన్ నెల కాబట్టి ఆకాశంలో ఇంకా కాస్త వెలుగు మిగిలే ఉంది.

పలే రోయాల్ రాజభవనాన్ని ఆనుకొని ఉన్న ఒపేరా థియేటర్లో ఆట చివరికొచ్చింది. ఆ సాయంత్రం ఆడింది గ్లూక్ సంగీతం కూర్చిన 'ఓర్ఫే'. చనిపోయిన భార్యను వెతుక్కుంటూ పాతాళానికి వెళ్లిన గాయకుడి కథ అది. దారికి అడ్డంపడ్డ పిశాచాలను తన పాటతోనే కరిగించి, భార్య చెయ్యి పట్టుకొని బయటికి నడుస్తాడు. వెనక్కి తిరిగి చూడకూడదన్న షరతు తప్పడంతో ఆమె మళ్లీ ప్రాణం విడుస్తుంది. గ్లూక్ మాత్రం కథను అక్కడ ఆపలేదు. ప్రేమదేవత దిగివచ్చి ఆమెను బతికిస్తుంది. అందుకే ఆ ఒపేరా చూసినవాళ్లు తేలికపడ్డ మనసుతో లేచేవారు.

పాట అయిపోయింది. వేదిక మీద చివరి నృత్యం నడుస్తోంది. కింద నేల మీద మగవాళ్లు కిక్కిరిసి నిలబడి చూస్తున్నారు. చుట్టూ అంతస్తులు అంతస్తులుగా ఉన్న పెట్టెగదుల్లో పట్టుబట్టలు, విసనకర్రలు, గుసగుసలు. శుక్రవారం ఒపేరాకు వెళ్లడం పారిస్ పెద్దింటివాళ్లకు ఒక మర్యాద. పాట వినడానికి వచ్చినవాళ్లు కొందరు, నలుగురి కళ్లలో పడటానికి వచ్చినవాళ్లు మరికొందరు.

వాళ్ల తలలకు చాలా ఎత్తున, ప్రేక్షకుల కంటికి ఆనని చోట, బొమ్మలు వేసిన ఒక గుడ్డ అంచు దీపానికి తగిలింది.

రెండు తాళ్లు

ఆనాటి రంగస్థలం పైకప్పు కింద ఏముండేదో తెలిస్తే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రేక్షకుడికి కనిపించేది ఒక అడవో, ఒక గుడో, ఒక సముద్రమో. దాని వెనకా పైనా ఉండేవి కర్ర, గుడ్డ, తాడు. ప్రతి దృశ్యానికీ వేరే వేరే తెరలు. జిగురులో కలిపిన రంగులు పూసి, ఎండబెట్టి, పైన వరసగా వేలాడదీసేవారు. వాటిని దించడానికీ ఎత్తడానికీ జనపనార తాళ్లు, కర్ర గిలకలు. ఆ తాళ్లను లాగేవాళ్లు నిలబడటానికి పైన రెండు వైపులా సన్నటి కర్ర వంతెనలు. వీటన్నిటి మధ్యా దీపాలు. కరెంటూ గ్యాసూ లేని కాలం. కొవ్వొత్తులూ నూనె దీపాలూ వెలిగించకపోతే ఆటే లేదు. అన్నీ నగ్నంగా మండే వత్తులే.

అందుకే థియేటర్లో పనిచేసేవాళ్లకు నిప్పు కొత్త కాదు. గుడ్డ అంచు అంటుకోవడం, ఎవరో ఒకరు తడిగుడ్డతో కొట్టి ఆర్పెయ్యడం మామూలే. ఆ రాత్రి కూడా అలాగే అయిపోవలసింది.

గుడ్డ అంటుకుందని గమనించగానే తాళ్లు తెంచెయ్యమని కేక వినబడింది. మంచి ఆలోచనే. రెండు కొసల తాళ్లూ ఒక్కసారి తెగితే మండే గుడ్డ వేదిక మీద పడుతుంది. పదిమంది కలిసి తొక్కి, నీళ్లు పోసి ఆర్పేయొచ్చు. కానీ ఒకవైపు తాడే తెగింది. రెండోవైపుది తెగలేదు.

ఆ ఒక్క క్షణంలో అంతా తారుమారైంది. అడ్డంగా వేలాడుతున్న గుడ్డ ఒక కొస జారి నిలువుగా నిలబడింది. కింది కొసన ఉన్న మంటకు పైదాకా నిచ్చెన వేసినట్టయింది. నిప్పు ఎప్పుడూ పైకే పాకుతుంది. ఒక్క ఊపులో అది పక్క తెరను, దాని పక్క తెరను, వాటి మీది తాళ్లను, ఆ పైన కర్ర వంతెనలను అందుకుంది. నడివేసవిలో తాటాకు పందిరికి నిప్పంటుకున్నట్టు, కళ్లు మూసి తెరిచేలోగా పైభాగమంతా అంటుకుంది.

వేదిక మీద నర్తకులు ఇంకా ఆడుతూనే ఉన్నారు.

తెర దించిన మనిషి

ఆ రాత్రి వందల ప్రాణాలు నిలబెట్టినవాడిగా అందరూ చెప్పుకున్న పేరు ఒకటి: జాన్ డోబెర్వాల్. ఒపేరాలో పేరున్న నర్తకుడు, నృత్యాలు కూర్చేవాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల తర్వాత, 1789 జూలైలో, బోర్డో నగరంలో ఆయన కూర్చిన 'లా ఫియ్ మాల్ గార్దే' అనే బాలే నేటికీ ప్రపంచమంతటా ఆడుతూనే ఉంది. బాలే చరిత్రలో ఆయన స్థానానికి అదొక్కటే చాలు. కానీ నా దృష్టిలో ఆయన చేసిన అతి గొప్ప పని జూన్ 8 రాత్రి చేసినదే.

పైన మంట చూశాడు. అరవలేదు. 'నిప్పు' అన్న ఒక్క మాట బయటికి వస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. రెండు వేల మందికి పైగా పట్టే హాలు. ఇరుకు మెట్లు, ఇరుకు వరండాలు, నేలకు జీరాడే గౌన్లు. మంట ముట్టుకోకముందే తొక్కిసలాటలో జనం పోతారు. ఆయన నృత్యాన్ని అక్కడితో ముగించి తెర దించమన్నాడు.

తెర దిగింది. ఆట అయిపోయిందనుకున్నారు జనం. చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు. టోపీలు, శాలువాలు సర్దుకొని, బళ్లవాళ్లను కేకేసుకుంటూ బయటికి నడిచారు. చాలామందికి వీధిలోకి వచ్చాక, తల ఎత్తి చూశాక గానీ తాము ఎక్కడినుంచి బయటపడ్డామో తెలియలేదు. అప్పటికి కప్పు మీదనుంచి మంటలు లేస్తున్నాయి.

ప్రేక్షకులు బతికారు. తెరకు అవతల ఉన్నవాళ్ల సంగతి వేరు.

వాళ్లకు తెర లేదు. అప్పుడే నృత్యం ముగించి వచ్చినవాళ్లు, వేషాలు విప్పుకునేవాళ్లు, తాళ్ల దగ్గర నిలబడ్డవాళ్లు, దీపాలు చూసుకునేవాళ్లు. పైనున్నవాళ్లకు దిగే దారి కర్రమెట్లే. ఆ మెట్లున్న వైపే మంట. నర్తకులూ రంగస్థల కార్మికులూ కొందరు ఆ రాత్రి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెట్టెగదుల్లో కూర్చున్న పెద్దల పేర్లు పారిస్‌లో అందరికీ తెలుసు. పైన తాళ్లు లాగినవాళ్ల పేర్లు జీతాల పుస్తకం దాటి ఎక్కడా కనిపించవు.

ఆ మూలకు నిప్పు కొత్త కాదు

రాజభవనం ఆ మూలన థియేటర్ కాలిపోవడం అది రెండోసారి. మొదట అక్కడ ఉన్నది కార్డినల్ రిషెల్యూ తన భవనంలో కట్టించుకున్న నాటకశాల. మోలియేర్ నాటక బృందం అక్కడే ఆడింది. 1673 ఫిబ్రవరి 17న 'రోగి భ్రమ' నాటకంలో వేషం వేస్తూనే మోలియేర్ కుప్పకూలి, ఆ రాత్రే ఇంట్లో కన్నుమూశాడు. ఆయన పోయాక ఆ హాలు సంగీత దర్శకుడు లుల్లీ చేతికి, ఒపేరాకు వచ్చింది. 1763 ఏప్రిల్ 6న అది కాలిపోయింది. అదృష్టవశాత్తూ అప్పుడు ఆట నడవడం లేదు.

అదే చోటుకు పక్కన నగర వాస్తుశిల్పి పియేర్ లూయీ మోరో దెప్రూ కొత్త థియేటర్ కట్టాడు. 1770 జనవరిలో రామో కూర్చిన 'జొరొఆస్త్ర్' తో దాన్ని తెరిచారు. పదకొండేళ్లకు కాస్త పైగా బతికిన ఆ భవనం చూసినన్ని వైభవాలు చాలా థియేటర్లు వందేళ్లలోనూ చూడవు. 1774లో గ్లూక్ వియన్నానుంచి వచ్చి 'ఇఫిజెనీ'ని, అదే ఏడు ఆగస్టు 2న 'ఓర్ఫే' ఫ్రెంచి రూపాన్ని ఇక్కడే ఆడించాడు. చిన్నప్పుడు ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న రాణి మరీ ఆంత్వానెత్ ఆయనకు అండ. తర్వాత ఇటలీనుంచి పిచ్చీని వచ్చాడు. గ్లూక్ గొప్పా, పిచ్చీని గొప్పా అని పారిస్ రెండు పక్షాలుగా చీలి కాఫీ హోటళ్లలో కొట్లాడుకుంది. 1778 జూన్‌లో ఇరవై రెండేళ్ల మొజార్ట్ సంగీతం ఇచ్చిన 'లె పెతీ రియాఁ' అనే బాలే కూడా ఈ వేదిక మీదే ఆడింది.

ఇన్ని పాటలు విన్న గోడలు అవి. ఒక్క రాత్రిలో బూడిదపాలయ్యాయి.

కిటికీ దగ్గర చిత్రకారుడు

ఆ మంటకు కూతవేటు దూరంలో లూవ్ర్ భవనం ఉంది. రాజులు వదిలేసి వెర్సాయ్‌కు వెళ్లిపోయాక లూవ్ర్‌లో చిత్రకళా అకాడమీ సమావేశాలు జరిగేవి. పేరున్న కళాకారులకు అక్కడే ఉచితంగా నివాసాలు ఇచ్చేవారు. అలా నివాసం పొందినవాళ్లలో ఒకరు ఉబేర్ రొబేర్. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. పారిస్‌లో ఆయన్ని 'శిథిలాల రొబేర్' అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. 1754లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో ఆయన రోముకు వెళ్లాడు. పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాడు. పిరనేసి చెక్కిన శిథిలాల బొమ్మలు, పనీని వేసిన రోము దృశ్యాలు ఆయనకు పాఠాలయ్యాయి. సాటి చిత్రకారుడు ఫ్రాగొనార్‌తో కలిసి తోటల్లో కూర్చొని బొమ్మలు గీశాడు. నేపుల్స్ దాకా వెళ్లి వెసూవియస్ బూడిదలోంచి తవ్వి తీస్తున్న ఊళ్లను చూశాడు. ఎంత ఉత్సాహవంతుడంటే, పందెం కాసి కొలోసియం గోడ మీదికి పాకి ఎక్కాడని ఆయన స్నేహితురాలు, చిత్రకారిణి ఎలిజబెత్ విజే ల్ బ్రన్ తన జ్ఞాపకాల్లో రాసింది. ఆయన బొమ్మ వేసే వేగం చూసి అందరూ ఆశ్చర్యపోయేవారని కూడా ఆమే చెప్పింది.

రొబేర్ వేసిన రోము శిథిలాల్లో ఒక సంగతి గమనించాలి. విరిగిన స్తంభాలు, కూలిన కమానులు ఎంత ఎత్తున ఉన్నా, వాటి కింద ఎవరో ఒకరు పనిలో ఉంటారు. బట్టలుతికే ఆడవాళ్లు, పశువులు తోలుకొచ్చిన పిల్లలు, చక్రవర్తుల గుడి స్తంభాలకు తాడు కట్టి తడిబట్టలు ఆరేసుకున్నవాళ్లు. మహా కట్టడాల పక్కన మామూలు మనుషుల బతుకు చూపించడం ఆయన అలవాటు. 1767లో ఆ శిథిలాల చిత్రాల మీదే రచయిత దిదెరో పేజీలకు పేజీలు రాశాడు.

కానీ అవి వెయ్యేళ్లకు పైబడ్డ శిథిలాలు. వాటి ముందు నిలబడితే దుఃఖం రాదు, ఆలోచన వస్తుంది. జూన్ 8 రాత్రి ఆయన ముందున్నది వేరు. అరగంట క్రితం పాట వినిపించిన భవనం అది. లోపల ఇంకా మనుషులున్నారు.

మంటను బొమ్మగా వెయ్యడం ఆయనకు అదే మొదలు కాదు. 1772 డిసెంబర్ చివర్లో పారిస్ పెద్దాసుపత్రి ఓతెల్ ద్యూ కాలిపోయింది. ఒక్కో మంచం మీద ముగ్గురు నలుగురు పేదరోగులు సర్దుకొని పడుకునే ఆసుపత్రి అది. రోగులను పక్కనే ఉన్న నోత్ర్ దామ్ చర్చిలోకి మోసుకెళ్లారు. ఆ మంటలనూ రొబేర్ చిత్రాలుగా వేశాడు. అందువల్ల ఒపేరా మండుతున్నప్పుడు ఏం చూడాలో ఆ కళ్లకు ముందే తెలుసు.

చర్మపు బక్కెట్లు

వీధిలో గంటలు మోగాయి. పారిస్‌కు అప్పటికే జీతాలిచ్చి పెట్టుకున్న అగ్నిమాపక దళం ఉంది. పారిస్‌కు చేతిపంపులు తెచ్చిన నటుడు ద్యుపెరియే 1716లో మొదలుపెట్టిన ఏర్పాటు అది. 1733 నుంచి మంట ఆర్పినందుకు ఇంటివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్న ఉత్తర్వు కూడా ఉంది. లేకపోతే ఖర్చుకు భయపడి జనం నిప్పు సంగతి దాచిపెట్టేవారు. నీళ్లమ్ముకునేవాళ్లు రాత్రిపూట తమ పీపాలను నింపి ఉంచాలని పోలీసు నిబంధన. కపూచిన్ సన్యాసులు కూడా అంగీలు ఎగగట్టుకొని మంటల దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. పారిస్‌లో నిప్పంటుకుంటే వాళ్లు రావడం ఆనవాయితీ.

పంపు అంటే చక్రాల మీది పెద్ద తొట్టి. రెండు వైపులా పొడవాటి కర్రలు. నలుగురైదుగురు ఇటు, అంతమంది అటు నిలబడి ఒకరి తర్వాత ఒకరు కిందికి నొక్కితే గొట్టంలోంచి నీరు చిమ్ముతుంది. తొట్టి ఖాళీ కాకుండా చర్మపు బక్కెట్లు చేతులు మారుతూ రావాలి. పది నిమిషాలు నొక్కితే భుజాలు పడిపోతాయి. మనుషులను మారుస్తూనే ఉండాలి.

అంత చేసినా, ఆ నీటిజల్లు అంత ఎత్తున మండుతున్న కప్పుకు ఏ మూలకూ చాలదు. థియేటర్ దక్కదని తొందరలోనే తేలిపోయింది. మిగిలిన పని ఒక్కటే, పక్కనున్న రాజభవనానికీ సెంతొనొరే వీధి ఇళ్లకూ మంట పాకకుండా చూడటం. ఆ పని చేశారు. రాజభవనం చాలావరకు నిలబడింది.

రాజభవనం తోటలో జనం గుమిగూడారు. వార్త ఊరంతా పాకింది. బ్రహ్మాండంగా ఎగసే మంటను చూడటానికి పారిస్ తరలివచ్చింది.

రొబేర్ వేసిన మంట

ఇప్పుడు చిత్రం దగ్గరికి వద్దాం. ఈ అగ్నిప్రమాదాన్ని రొబేర్ ఒకటికంటే ఎక్కువసార్లు, వేర్వేరు చోట్లనుంచి చూసినట్టుగా వేశాడు. పలే రోయాల్ తోటలోంచి కనిపించే దృశ్యం ఇప్పుడు పారిస్‌లోని కార్నవాలే మ్యూజియంలో ఉంది. పారిస్ నగర చరిత్రను దాచిపెట్టిన మ్యూజియం అది.

ఆ తైలవర్ణ చిత్రంలో రాజభవనం నల్లటి గోడలా అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని కప్పుల వెనకనుంచి మంట లేస్తుంది. కాలుతున్న థియేటర్ మనకు కనిపించదు. కనిపించేది దాని మంటే. కింద తోటలో మనుషులు చీమలంత ఆకారాలు. మంట వెలుగు వాళ్ల మీద పడి, వాళ్ల వీపులు మనవైపు ఉంటాయి. అంటే చిత్రం చూస్తున్న మనం కూడా ఆ గుంపు వెనక వరసలో నిలబడ్డట్టే.

మంటను రంగులో పట్టుకోవడం కష్టం. మంటకు ఆకారం లేదు, అంచు లేదు, ఒక్క క్షణం ఉన్నచోట ఉండదు. చిత్రకారుడు చెయ్యగలిగేది చుట్టూ ఉన్న చీకటిని సరిగ్గా వెయ్యడమే. భవనం ఎంత నల్లగా ఉంటే పసుపు అంత మండుతుంది. చెట్లు ఎంత నిశ్చలంగా ఉంటే పొగ అంత కదులుతుంది. రొబేర్ ఆ లెక్క తెలిసినవాడు.

ఇక్కడొక ప్రశ్న వేసుకోక తప్పదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు అని మన సామెత. మనుషులు చనిపోయిన మంటను అందమైన బొమ్మగా వేసి గోడకు తగిలించడం ఆ కోవలోకే రాదా? ఇలాంటి మంటల చిత్రం ఒక్కటే వేసి ఊరుకొని ఉంటే రొబేర్ మీద ఆ మాట పడేది. అందులో మంట ఉంది, వేడుక చూసే జనం ఉన్నారు. చనిపోయినవాళ్లు లేరు.

ఆయన అక్కడితో ఊరుకోలేదు.

మర్నాడు లోపల

ఆయన వేసిన ఇంకో చిత్రం మంటది కాదు. అది మర్నాటి సంగతి. థియేటర్ లోపలి భాగం. కప్పు లేదు. పెట్టెగదుల అంతస్తులు లేవు. బంగారు పూత లేదు. తెర లేదు. కాలిన గోడల మధ్య పైనుంచి పగటి వెలుగు పడుతోంది. పొగ ఇంకా లేస్తోంది.

ఒపేరా చూసే ప్రేక్షకుడు ఎన్నడూ అడుగుపెట్టని చోటు అది. టికెట్ కొన్నవాడికి వేదిక ముందు భాగమే హక్కు. వెనక ఏముందో, పైన ఎవరున్నారో అతనికి పట్టదు. పట్టకుండా ఉండటమే ఆట గొప్పదనం. దేవత మబ్బుల మీద దిగివస్తుంటే దేవతనే చూడాలి గానీ తాడు లాగేవాడిని చూడకూడదు. మంట ఆ తేడాను చెరిపేసింది. ముందు భాగం, వెనక భాగం ఒకే బూడిదగుట్ట. రొబేర్ తన కాన్వాసును ఆ బూడిదగుట్ట మధ్యలో నిలబెట్టాడు.

రోములో పదకొండేళ్లు నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. కూలిన కమాను ఎలా వెయ్యాలో, పైనుంచి పడే వెలుగు ఎలా పట్టాలో చెయ్యికి తెలుసు. కానీ అక్కడ కాలం నెమ్మదిగా వెయ్యేళ్లలో చేసిన పనిని ఇక్కడ ఒక దీపం, ఒక గుడ్డ, తెగని ఒక తాడు కలిసి ఒక్క రాత్రిలో చేశాయి. శిథిలం అంటే పాతకాలం జ్ఞాపకం అనుకునే రోజుల్లో నిన్నటి శిథిలాన్ని, సొంత ఊరి శిథిలాన్ని కాన్వాసు మీదికి ఎక్కించాడు. ఆయన చిత్రాల్లో నాకు ఈ చిత్రమే అతి విలువైనదిగా తోస్తుంది.

ఎవరైనా వచ్చి చూడొచ్చు

ఆ కాలంలో రెండేళ్లకోసారి లూవ్ర్‌లోని చదరపు హాలులో అకాడమీ చిత్రప్రదర్శన జరిగేది. దాన్ని 'సలోన్' అనేవారు. రాజు నామదినమైన ఆగస్టు 25న తలుపులు తెరిచేవారు. 1781 సలోన్ మంట ఆరిన రెండున్నర నెలలకే వచ్చింది. రొబేర్ అక్కడ ఒపేరా చిత్రాలు రెండు పెట్టాడు. ఒకటి మంటదే, కానీ తోటలోంచి చూసినది కాదు; దాని పేరు 'అకాడమీ కిటికీలోంచి చూసిన ఒపేరా అగ్నిప్రమాదం'. రెండోది మర్నాటిది, 'అగ్నిప్రమాదం మర్నాడు థియేటర్ లోపలి భాగం'.

సలోన్‌కు ప్రవేశ రుసుము లేదు. ఎవరైనా రావొచ్చు. ప్రభువులూ వచ్చారు, చేతిపని చేసుకునేవాళ్లూ వచ్చారు. పారిస్‌లో అన్ని వర్గాలూ ఒకే గదిలో భుజాలు రాసుకుంటూ నిలబడే చోట్లు తక్కువ. వాటిలో అదొకటి.

ఒక్కసారి ఆ గదిని ఊహించుకోండి. జూన్ 8న పెట్టెగదిలో కూర్చొని, తెర దిగగానే బండెక్కి ఇంటికి వెళ్లినవాళ్లు అక్కడికి వచ్చే ఉంటారు. సలోన్‌కు రాని పెద్దమనిషి పారిస్‌లో ఉండేవాడు కాదు. వాళ్లు మంట చిత్రం ముందు నిలబడి తాము తప్పించుకున్న మంటను చూసుకొని ఉంటారు. తర్వాత రెండో చిత్రం. తమకూ చావుకూ మధ్య ఆ రాత్రి దిగిన తెర అక్కడ లేదు. దాని వెనక ఏం జరిగిందో ఎదురుగా ఉంది. అదే గదిలో, అదే చిత్రం ముందు, తాళ్లు లాగే పని చేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా డబ్బు చెల్లించకుండా నిలబడగలరు. ఒపేరా లోపల వీళ్లిద్దరినీ ఎప్పుడూ తెరే విడదీసింది.

మళ్లీ ఆట

ఒపేరా ఆగలేదు. ఆగస్టులోనే చిన్న హాలు ఒకటి చూసుకొని ఆటలు మొదలుపెట్టారు. ఈలోగా వాస్తుశిల్పి సామ్సన్ నికొలా లెన్వార్ సాన్-మార్తాన్ ద్వారం దగ్గర కొత్త థియేటర్‌ను పగలూ రాత్రీ పనిచేయించి దాదాపు మూడు నెలల్లో నిలబెట్టాడు. ఎక్కువ భాగం కర్రే. 1781 అక్టోబర్ 27న, రాజదంపతులకు కొడుకు పుట్టిన సంబరంగా, జనానికి ఉచితంగా మొదటి ఆట వేశారు. పిచ్చీని కూర్చిన 'అదెల్ ద పోంత్యూ'. ఇంత తొందరగా కట్టిన భవనం బరువు ఆపుతుందో లేదో పరీక్షించడానికే పేదజనాన్ని ముందు ఎక్కించారని పారిస్‌లో చెప్పుకున్నారు. భవనం ఆగింది. తొంభై ఏళ్లు నిలిచి, 1871లో పారిస్ కమ్యూన్ పోరాటాల మధ్య మంటలకే ఆహుతైంది.

పలే రోయాల్‌కు ఒపేరా మళ్లీ రాలేదు. ఆ భవన సముదాయం రెండో మూలన వాస్తుశిల్పి విక్టర్ లూయీ 1786 నుంచి 1790 వరకు వేరే థియేటర్ కట్టాడు. దాని కప్పుకు కర్ర దూలాల బదులు ఇనుప చట్రం వాడాడు. మధ్యలో గుల్ల మట్టికుండల వంటి ఇటుకలు పేర్చాడు. నిప్పుకు లొంగని కప్పు కట్టాలన్న పట్టుదల దాని వెనక ఉంది. ఇనుమును ఆ స్థాయిలో కప్పుకు వాడిన తొలి కట్టడాల్లో అదొకటి. నేటి కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాల అదే. అయినా 1900 మార్చి 8న అందులోనూ మంటలు లేచాయి. ఆట మొదలు కాలేదు, ప్రేక్షకులు లోపలికి రాలేదు. వేషం వేసుకునే గదిలో ఉన్న జేన్ ఆన్రియో అనే యువనటి చనిపోయింది. మళ్లీ తెర వెనక మనిషే.

రొబేర్ సంగతి చెప్పాలి. 1786లో పారిస్ వంతెనల మీది పాత ఇళ్లను కూల్చేస్తుంటే వెళ్లి వేశాడు. 1789 జూలైలో బాస్తీయ్ కోటను కూల్చడం మొదలుపెట్టగానే అదీ వేశాడు. 1793లో విప్లవ ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. అక్కడ కాన్వాసు దొరక్కపోతే అన్నం తినే పళ్లేల మీద బొమ్మలు వేశాడు. విప్లవ నాయకుడు రొబెస్పియెర్ పతనమయ్యాక బయటపడ్డాడు. 1796లో తాను నివసించిన లూవ్ర్ గ్యాలరీనే కప్పు కూలిన శిథిలంగా ఊహించి చిత్రించాడు. 1808లో పోయాడు. తన జీవితకాలంలో ఈ ఊరు ఎన్నిసార్లు కూలిందో, కాలిందో అంతటినీ కుంచెతో నమోదు చేసిన మనిషి ఆయన.

ఆ నమోదు లేకపోతే మనకు మిగిలేది ఏమిటి? ఒపేరా చరిత్రలో ఒక తేదీ. రెండో థియేటర్ 1781లో కాలిపోయింది, మూడోది అక్టోబర్‌లో తెరిచారు అన్న ఒక్క వాక్యం. ఆ రెండు తేదీల మధ్య లోపల చిక్కుకుపోయినవాళ్లు ఆ వాక్యంలో ఇమడరు. తెర దించి జనాన్ని కాపాడిన డోబెర్వాల్‌కు మనం ఎంత రుణపడ్డామో, ఆ తెర ఎత్తి లోపల చూపించిన రొబేర్‌కూ అంతే రుణపడ్డాం. మంటల చిత్రం ముందు అందరూ ఆగుతారు, అది సహజం. దాని జతగా వేసిన మర్నాటి చిత్రం ముందు కూడా ఆగాలి. ఆటలు చూసి ఇంటికి క్షేమంగా చేరే మనలాంటి వాళ్లం ఆ రాత్రి పోయినవాళ్లకు ఇవ్వగలిగిన మర్యాద అదే.